గోడ చూశాకే చెక్క: మణికొండ ఫ్లాట్‌లో చిలక్కొయ్యల పలక

మణికొండలో ఐదో అంతస్తులో రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్. ఇంట్లో నలుగురు ఉంటారు. సిటీ సివిల్ కోర్టులో ప్రాక్టీసు చేసే లాయరమ్మ, బైకు మీద గచ్చిబౌలి ఆఫీసుకు వెళ్లొచ్చే ఆమె భర్త, రెండో తరగతి చదివే పాప, జగిత్యాల వైపు పల్లె నుంచి వచ్చి వీళ్ల దగ్గరే ఉంటున్న అత్తగారు. వాళ్లు అడిగిన పని చూడ్డానికి చిన్నదే. గుమ్మం పక్క గోడకు ఒక చెక్క పలక, దానికి ఆరు కొయ్యలు. కోటు, గౌను, హెల్మెట్లు, రెయిన్‌కోటు, సంచులు అన్నీ వాటికే తగలాలి. షరతు ఒక్కటి పెట్టారు: పని ఇంట్లోనే జరగాలి, చేతులు ఇంటాయనవి, పక్కన నేనుండి చేయించాలి. వడ్రంగం నా వృత్తి. ఇలా ఇంటివాళ్ల చేత వాళ్ల సామాను చేయించడం నాకు ఇష్టమైన పని.

ఈ పని గురించి ఇంత వివరంగా రాయడానికి కారణముంది. అదే చోట అంతకు ముందు కొన్న రెడీమేడ్ పలక ఒకటి ఉండేది. ఓ సాయంత్రం సంచులతో సహా కింద పడింది, వస్తూ వస్తూ అరచేతి వెడల్పున ప్లాస్టర్‌ను కూడా లాక్కొచ్చింది. ఇంటాయన నాకు ఫోన్ చేసి మొదట అడిగిన మాట, "అన్నా, ఏ చెక్క తీసుకోవాలి?" నేను అడిగింది, "మీ గోడ దేనితో కట్టింది?" ఇలాంటి పలకలో చెక్కపని సగం కూడా ఉండదు. మిగతాదంతా గోడపనే.

మొదట పడిపోయినదాన్ని చదవడం

పాత పలకను పారేయకుండా ఉంచారు, అది మేలైంది. 15 మిల్లీమీటర్ల ఎం.డి.ఎఫ్ (చెక్క పీచును జిగురుతో నొక్కి చేసిన బోర్డు), ఎత్తు 90 మిల్లీమీటర్లు, రెండే స్క్రూలు, అవి కూడా సరిగ్గా మధ్యగీత మీద. స్క్రూ పొడవు 35. అందులో 15 పలకలోనే పోయింది, గోడలోకి వెళ్లింది 20. ఆ ఇరవైలో పుట్టీ, ప్లాస్టర్ కలిపి పదిహేను దాకా. అంటే అసలు గోడను స్క్రూ అలా ముట్టుకుంది, అంతే. బరువంతా మోసింది ప్లాస్టర్.

గోడలో మిగిలిన రంధ్రం ఇంకో సంగతి చెప్పింది. మూతి దగ్గర వెడల్పు, లోపలికి పోయేకొద్దీ సన్నం. మెత్తని గోడను హ్యామర్ పెట్టి, అంటే బిట్ దెబ్బ కొడుతూ తిరిగేలా పెట్టి డ్రిల్ చేస్తే ఇలాగే అవుతుంది. రంధ్రం గరాటు ఆకారంలోకి మారితే ప్లగ్‌కు, అంటే స్క్రూ పట్టుకోవడానికి రంధ్రంలో దించే గొట్టానికి పట్టు దొరకదు, స్క్రూ తిప్పితే ప్లగ్ కూడా దానితోపాటే తిరుగుతుంది.

గోడ ఏదో తెలుసుకోవడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు, డ్రిల్ నుంచి రాలే పొడి చాలు. కొత్త పలక కింద కప్పుకుపోయే చోట ఒక పరీక్ష రంధ్రం వేయించాను, కింద తెల్ల కాగితం మడిచి అంటించి. ముందు తెల్లటి పుట్టీ రాలింది. తర్వాత బూడిదరంగు సిమెంటు ప్లాస్టర్. ఆ తర్వాత లేత బూడిదరంగు, దాదాపు తెలుపు, మెత్తటి పిండి. డ్రిల్ వెన్నలో దిగినట్టు దిగింది. అది ఏఏసీ బ్లాకు, మనవాళ్లు లైట్ వెయిట్ బ్లాకు అనేది. ఎర్ర పొడి రాలితే ఇటుక. బరకగా, ముదురు బూడిద రంగులో రాలుతూ డ్రిల్ మొరాయిస్తే సిమెంటు దిమ్మె గానీ కాంక్రీటు గానీ.

హైదరాబాద్ పడమటి వైపు గత పదిహేను ఇరవై ఏళ్లలో లేచిన అపార్ట్‌మెంట్లలో లోపలి గోడలు చాలా వరకు ఈ ఏఏసీవే. సిమెంటు, సున్నం, ఫ్లైయాష్ కలిపి, చిటికెడు అల్యూమినియం పొడితో పొంగించి, ఆవిరి ఒత్తిడిలో ఉడికించిన దిమ్మె అది. ఘనపు మీటరుకు 550 నుంచి 650 కిలోలు తూగుతుంది. మామూలు ఇటుక అందుకు మూడింతల దగ్గర ఉంటుంది. ఆ బరువు తగ్గడమే బిల్డర్‌కు లాభం, వేడి తక్కువ దిగడం ఇంటివాళ్లకు లాభం. కానీ లోపలంతా గాలి గదులే కాబట్టి మేకును పట్టుకునే శక్తి దానికి తక్కువ. అది గోడ లోపం కాదు. ఇటుకకు వాడే పద్ధతినే దానికీ వాడడం మన లోపం. ఈ గోడ 100 మిల్లీమీటర్ల పార్టిషన్, రెండు వైపులా ప్లాస్టర్ కలిపితే 130.

పక్కనే కూర్చుని వింటున్న అత్తగారు అప్పుడు ఒక మాట అన్నారు. "మా ఊరింట్ల చిలక్కొయ్యకు పగ్గాలు, సంచులు, అన్నీ తగిలేసేటోళ్లం బిడ్డా. కొయ్య ఊడంగ నేనెన్నడు సూడలే." ఎందుకు ఊడలేదో ఆమెకు చెప్పాను. ఆ ఇళ్లలో చిలక్కొయ్య గోడ పూర్తయ్యాక కొట్టేది కాదు. గోడ లేస్తున్నప్పుడే దాని వెనక తోకను రెండు వరుసల మధ్య పెట్టి మీద కట్టేసేవారు. బయటికి ఎంత చిలుక కనిపించేదో, దాదాపు అంత తోక గోడ లోపల ఉండేది. పైనున్న గోడ బరువంతా ఆ తోక మీద కూర్చునేది. ఇప్పుడు కట్టిన గోడకు తర్వాత తగిలిస్తున్నాం కాబట్టి ఆ తోక చేసిన పనిని స్క్రూ చేయాలి.

బరువు, పలక ఎత్తు

ప్రయాణపు సూట్‌కేసులు తూచే చేతి త్రాసు ఒకటి వాళ్లింట్లో ఉంది. తగిలించబోయేవన్నీ దానికి వేలాడదీశాం. ల్యాప్‌టాప్ సంచి నాలుగున్నర కిలోలు, పాప బ్యాగు 5, హెల్మెట్లు రెండూ కలిపి 3కు కొంచెం తక్కువ, తడిపిన రెయిన్‌కోటు జత 2కు కాస్త తక్కువ, లాయర్ కోటు, గౌను కలిపి ఒకటిన్నరకు పైన, చేతిసంచి రెండున్నర. మొత్తం 18 కిలోల చిల్లర. చుట్టాలొచ్చిన రోజును కూడా లెక్కేసి 25 కిలోలకు పలక చేద్దామనుకున్నాం.

ఇక్కడ చాలామంది పొరబడతారు. 25 కిలోలు కిందికి లాగుతాయి, నాలుగు స్క్రూలు మోస్తాయి, అయిపోయింది అనుకుంటారు. కిందికి లాగడం అసలు సమస్యే కాదు, ఒక్క స్క్రూ కూడా దాన్ని మోయగలదు. సమస్య బయటికి లాగడం. కొయ్యకు తగిలించిన బరువు గోడకు కొంత దూరంలో ఉంటుంది. పలక తన కింది అంచును గోడకు ఆనించి, పైభాగాన్ని గోడ నుంచి ఊడదీయాలని చూస్తుంది. ఆ లాగుడు ఎంతో చూడాలంటే బరువును గోడ నుంచి దాని దూరంతో హెచ్చించి, కింది అంచు నుంచి స్క్రూ ఉన్న ఎత్తుతో భాగించాలి.

పడిపోయిన పలకకు వేసి చూద్దాం. 18 కిలోలు, దూరం 65 మిల్లీమీటర్లు, స్క్రూ ఎత్తు 45. 26 కిలోల లాగుడు, రెండు స్క్రూలకు చెరి 13. అది కూడా ప్లాస్టర్‌లో ఉన్న స్క్రూలకు. అదే పలకకు స్క్రూలు మధ్యలో కాక పై అంచు దగ్గర పెట్టి ఉంటే, ఏమీ ఖర్చు లేకుండా ఆ లాగుడు దాదాపు సగానికి తగ్గేది.

మేం చేయబోయే పలక 200 మిల్లీమీటర్ల ఎత్తు, పై స్క్రూలు పై అంచుకు 25 కింద. అంటే స్క్రూ ఎత్తు 175. కొయ్య పొడుగు కాబట్టి బరువు దూరం 80 అనుకున్నాం. 25ను 80తో హెచ్చించి 175తో భాగిస్తే పదకొండున్నర కిలోలు. పైన నాలుగు స్క్రూలు కాబట్టి ఒక్కోదానికి 3 కిలోల లోపే. బరువు పెరిగినా ఒక్కో స్క్రూ మీద లాగుడు నాలుగో వంతుకు దిగింది. పలకను వెడల్పుగా చేయడం అందం కోసం కాదు, మెత్తని గోడకు అది మనం ఇచ్చే సాయం. గోడ ఎంత బలహీనమైతే పలక అంత ఎత్తుగా ఉండాలి.

చెక్క

అత్తగారి ఊళ్లో పాత ఇల్లు విప్పినప్పుడు దర్వాజ కర్ర ఒకటి, గడప ఒకటి తెచ్చి బాల్కనీలో పెట్టుకున్నారు. రెండూ టేకే. గడపకు ఇంకా పసుపు జాడ ఉంది. నేను దానివైపు చూడగానే ఆమె, "కడప మీద రంపం పెట్టకు బిడ్డా, అది లచ్చిమి," అన్నారు. పెట్టలేదు. దర్వాజ నిలువు కర్ర మాకు చాలు.

పాత టేకుకు సాటి వచ్చేది కలప డిపోలోని కొత్త సరుకులో దొరకడం కష్టం. ఏళ్ల తరబడి ఎండి, ఆడాల్సిన ఆటంతా ఆడేసి ఉంటుంది. కానీ కోతకు పంపే ముందు అయస్కాంతం పట్టుకుని అంగుళం అంగుళం తడమాలి. బందుల స్క్రూలు, తోరణాలకు కొట్టిన సన్న మేకులు తల విరిగి లోపలే ఉంటాయి. కోత మిషన్ వాళ్ల బ్లేడు ఒక్క మేకుకు తగిలితే పళ్లు పోతాయి, అవతల మనిషికి దెబ్బ కూడా తగలొచ్చు. మా కర్రలో దొరికిన మేకులన్నీ పట్టకారుతో లాగాకే మిల్లుకు తీసుకెళ్లాం.

కర్ర 5 అంగుళాలకు 3. తలుపు కూర్చునే గాడి ఒక మూల ఎటూ పోతుంది. ఆ గాడిని, పైన రంగు పట్టిన పొరను వదిలేస్తే 1200 మిల్లీమీటర్ల పొడవున రెండు పలకలు, రందా పట్టాక 20 మందంతో వచ్చాయి. మిగిలిన ముక్కల్లో కొయ్యలు. దర్వాజ కర్ర లేనివాళ్లు డిపోకు వెళ్తే టేకును ఘనపుటడుగుల్లో అమ్ముతారు. లెక్క సులువు: పొడవు అడుగుల్లో, వెడల్పు, మందం అంగుళాల్లో తీసుకుని మూడూ హెచ్చించి 144తో భాగించాలి. ఇంత పలకకు 4 అడుగులు, 8 అంగుళాలు, 1 అంగుళం. అంటే ఘనపుటడుగులో పావు కూడా పట్టదు. అంత చిన్న కొనుగోలుకు డిపోలో కోత ముక్కల గుట్ట వెతకడమే మంచిది. చేవ ఉన్నవి ఏరుకోవాలి. అంచున తెల్లగా కనిపించే పాలచెక్కకు పురుగు పడుతుంది, దాన్ని వదిలేయాలి. టేకు వద్దనుకుంటే వేప, గుమ్మడి టేకు కూడా ఈ పనికి బాగానే ఉంటాయి. నీళ్లు తగిలే చోట ఎం.డి.ఎఫ్, పార్టికల్ బోర్డు నేను పెట్టను. తడి రెయిన్‌కోటు రెండు వానాకాలాలు తగిలితే స్క్రూ చుట్టూ ఉబ్బి పిండి రాలుతుంది.

రెండు పలకలను అంచుకు అంచు అతికించి 200 వెడల్పు చేయాలి. ఇంటాయన ఎక్కువ ఓపిక పెట్టింది ఇక్కడే. రెండింటినీ పుస్తకం మూసినట్టు కలిపి, అంచులు రెండూ ఒకేసారి రందా పట్టమన్నాను. అప్పుడు రందా కాస్త ఒరిగినా రెండు అంచుల వాలు ఒకదానికొకటి సరిపోయి, విప్పి కలిపితే పలక చదునుగా వస్తుంది. తర్వాత ఒకదాని మీద ఒకటి నిలబెట్టి వెనక టార్చి పెట్టి చూడడం. సందులోంచి వెలుతురు గీత కనిపించినంత కాలం మళ్లీ రందానే.

టేకులో సహజంగా ఒక రకం నూనె ఉంటుంది, జిగురు పట్టనివ్వదు. అతికించే ముందు అంచులను థిన్నర్‌లో ముంచిన గుడ్డతో తుడిచి, అది ఆరగానే ఫెవికాల్ రాయాలి. ఆలస్యం చేస్తే నూనె మళ్లీ పైకొస్తుంది. పెద్ద క్లాంపులు వాళ్ల దగ్గర లేవు, కొనమని నేను చెప్పలేదు. పలక చుట్టూ మూడుచోట్ల నైలాన్ తాడు రెండు పేటలుగా కట్టి, పేటల మధ్య చిన్న కర్ర దూర్చి మెలి తిప్పాం. మెలి బిగిసేకొద్దీ జిగురు సందులోంచి సన్నటి పూసల వరసగా పైకి వచ్చింది. అంతవరకు చాలు. ఇంకా బిగిస్తే జిగురంతా బయటికి పోయి అతుకు బలం తగ్గుతుంది. రాత్రంతా కదపలేదు.

కొయ్యలు

ఖరాదు పట్టించిన కొయ్యలు బేగంబజార్‌లో గానీ రాణీగంజ్‌లో గానీ వెతికితే దొరుకుతాయి. మేం చేత్తోనే చేశాం. 30 మిల్లీమీటర్ల చదరపు ముక్క, పొడవు 120. నాలుగు మూలలూ చెక్కి ఎనిమిది ముఖాలుగా చేసి, మళ్లీ ఆ మూలలు తీసి గుండ్రం తేవడం. తల 30 ఉంచి మెడ 20కి దించాం. తల వెడల్పుగా ఉండడం కోటు కోసం. సన్నటి ఇనుప కొక్కేనికి కోటును మెడ దగ్గర తగిలిస్తే నెల తిరక్కముందే అక్కడ గుబ్బ లేస్తుంది. నల్ల కోటు మీద అది దూరానికే కనిపిస్తుంది. కోర్టుకు వెళ్లే మనిషికి అది చిన్న విషయం కాదు.

కొయ్య వెనక భాగం 16 మిల్లీమీటర్ల గుండ్రటి కూసం, అంటే పలక రంధ్రంలో దూరే మొన. పలకలో 16 రంధ్రం, అవతలి వైపు దాకా. కొయ్యలు కొంచెం పైకి చూడాలి, 10 డిగ్రీలు చాలు. అంతకు మించి వాలిస్తే హెల్మెట్ పట్టీ తీయడం ఇబ్బంది. చేతి డ్రిల్‌తో ఆరు రంధ్రాలూ ఒకే వాలులో రావాలంటే కంటి అంచనా సరిపోదు. ఒక మందపాటి చెక్క దిమ్మెకు కింది ముఖాన్ని 10 డిగ్రీల వాలుగా కోసి, అందులో నిలువుగా ఒక రంధ్రం చేసి ఉంచాను. దాన్ని ప్రతి గుర్తు మీదా బిగించి అందులోంచి డ్రిల్ దింపితే ఆరూ ఒకే తీరుగా వచ్చాయి. పలక వెనక ఒక పనికిరాని చెక్క ఆనించకపోతే బిట్ బయటికొచ్చే చోట పీచు లేస్తుంది.

కూసానికి జిగురు రాసి దూర్చడమే కాకుండా, వెనక నుంచి దాని మధ్యలో రంపంతో చిన్న గాటు పెట్టి సన్నటి చెక్క చీల కొట్టించాను. చీల దిగితే కూసం రంధ్రంలో వెడల్పవుతుంది, ఇక ముందుకు రాదు. ఆ గాటు ఏ దిక్కున ఉండాలన్నది ముఖ్యం. పలక చారలు అడ్డంగా పోతాయి. గాటు నిలువుగా, అంటే చారలకు అడ్డంగా ఉండాలి. అప్పుడు చీల ఒత్తిడి చారల వెంబడి, చెక్క బలంగా ఉన్న వైపు పోతుంది. గాటును చారల దిక్కునే పెట్టి చీల కొడితే పలక చారల వెంట చీలుతుంది. ఇంటాయన పనికిరాని ముక్క మీద రెండు రకాలుగానూ కొట్టి చూశారు. రెండోది పుటుక్కున పగిలిన చప్పుడు విన్నాక ఇక నేను చెప్పాల్సిన పని లేకపోయింది. నా దృష్టిలో వడ్రంగం నేర్పడానికి ఇంతకంటే మంచి దారి లేదు.

కొయ్యల మధ్య దూరం సమానంగా ఉండాలన్న పట్టుదల నాకు లేదు. హెల్మెట్ వెడల్పు 250 దాకా ఉంటుంది, కోటుకు అంత అక్కర్లేదు. ఎడమ చివర హెల్మెట్ల కొయ్యలు రెంటికీ మధ్య 280 వదిలాం, తర్వాత 220, మిగతావి 160 ఎడంతో. వస్తువు తెలిసి గుర్తు పెట్టాలి.

నూనె

ఇంటావిడ తెల్ల చొక్కాలు, లాయర్లు మెడకు కట్టే తెల్ల బ్యాండ్లు కూడా అక్కడే తగులుతాయి. పచ్చి టేకుకు తడి తెల్లబట్ట తగిలితే గోధుమరంగు మరక దిగుతుంది, ఉతికినా సులువుగా పోదు. కాబట్టి పూత తప్పనిసరి. లక్క పాలిష్ నాకిష్టమే కానీ ఇక్కడ వద్దన్నాను, నీటి బొట్టు నిలిచిన చోటల్లా తెల్ల మచ్చ పడుతుంది. ఉడికించిన అవిసె నూనెలో టర్పెంటైన్ కలిపి మొదటి పూత, ఆ తర్వాత నూనె ఒక్కటే పలచగా రెండు పూతలు. పూసిన పావుగంటకు మిగిలిన నూనెనంతా తుడిచేయాలి, లేదంటే జిడ్డుగా ఉండిపోయి దుమ్ము పడుతుంది. ముందువైపు, వెనకవైపు, అంచులు, అన్నిటికీ సమానంగా పూయాలి. వెనక వదిలేస్తే ఒక వైపు తేమ ఎక్కువ పీల్చి పలక విల్లులా వంగుతుంది.

ఇంట్లో చేసేవాళ్లకు ఒక హెచ్చరిక, ఇది గట్టిగానే చెప్తాను. అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండగా చుట్టి చెత్తబుట్టలో వేయొద్దు. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి బయటికి పోలేక గుడ్డ తనంతట తానే అంటుకుంటుంది. మే నెల హైదరాబాద్ ఎండలో బాల్కనీలో ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. నీళ్లలో తడిపి, ఆరుబయట ఒక్కొక్కటి విప్పి పరిచి ఆరనివ్వాలి. పూర్తిగా ఆరి గట్టిపడ్డాకే పారేయాలి.

గోడకు ఎక్కించడం

వాళ్లు మొదట చూపించిన చోటుకు సరిగ్గా కింద స్విచ్‌బోర్డు ఉంది. స్విచ్‌బోర్డు నుంచి వైరు పైపు గోడలో నిలువుగా సీలింగ్ దాకా పోతుంది, ఆ పట్టీలో డ్రిల్ పెట్టకూడదు. కాలింగ్ బెల్‌కు కూడా అలాంటి పైపే గుమ్మం అంచున ఉంటుంది. అందుకని పలకను ఒక అడుగు ఎడమకు జరిపాం. గోడ అవతల బాత్రూమ్ ఉంటే నీళ్ల పైపుల సంగతీ చూసుకోవాలి. ఇక్కడ అవతల బెడ్‌రూమ్. ఐనా పని మొదలుపెట్టేటప్పుడు మెయిన్ ఆపి, డ్రిల్‌కు కరెంటు పక్క ఫ్లాట్ నుంచి తెచ్చుకున్నాం.

పలక పై అంచు నేల నుంచి 66 అంగుళాలు, కొయ్యలు 61 దగ్గర. గౌను అంత ఎత్తు నుంచి వేలాడినా నేలకు తగలదు, అత్తగారికి చేయి అందుతుంది. పాప కోసం మిగిలిన ముక్కతో రెండు కొయ్యల చిన్న పలక 40 అంగుళాల ఎత్తున వేరేగా పెట్టాం. దాన్ని పట్టుకుని వేలాడతానని పాప ముందే ప్రకటించింది కాబట్టి దానికి కూడా అవే ప్లగ్గులు.

ప్లగ్ విషయంలో లెక్క ఇది. పలక 20, పుట్టీ, ప్లాస్టర్ కలిపి 15, ఏఏసీలో కనీసం 60. మొత్తం 95. అందుకని 100 పొడవున్న 10 మిల్లీమీటర్ల నైలాన్ ఫ్రేమ్ ప్లగ్, దానితో వచ్చే స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూ. మామూలు ప్లగ్ కొద్ది పొడవునే విచ్చుకుంటుంది, ఇది లోపల చాలా పొడవున విచ్చుకుని మెత్తని దిమ్మెను ఎక్కువ మేర పట్టుకుంటుంది. గోడ మందం 130 కాబట్టి రంధ్రం 90 దాటకూడదు, దాటితే అవతలి గదిలో పెచ్చు లేస్తుంది. బిట్ మీద 90 దగ్గర ఎర్ర టేపు చుట్టించాను. హ్యామర్ ఆపి తిప్పుడు మీదనే, అది కూడా ప్లగ్ కన్నా ఒక మిల్లీమీటరు చిన్న బిట్‌తో వేశాం. పొడి మొత్తం ఊదేసి, ప్లగ్‌ను కొయ్యసుత్తితో కొట్టి దించాం. వేలితో నెట్టగానే దిగిపోయే ప్లగ్ ఏఏసీలో పనికిరాదు.

స్క్రూలు పైన నాలుగు, కింద రెండు. పైవి గుండ్రటి రంధ్రాల్లో గట్టిగా. కిందివాటికి మాత్రం పలకలోని రంధ్రాలను నిలువుగా 3 మిల్లీమీటర్లు సాగదీశాం. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల పొడికి, ఆగస్టు, సెప్టెంబరు తేమకు మధ్య 200 వెడల్పున్న టేకు పలక ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్లు పెరిగి తగ్గుతుంది. పైనా కిందా బిగించేస్తే ఆ కదలికకు చోటు లేక పలక చీలుతుంది, లేదా స్క్రూను గోడలో ఊపి ఊపి వదులు చేస్తుంది. ఏఏసీ గోడకు రెండోది మరీ చేటు. చివరి బిగింపు మిషన్‌తో కాకుండా చేతి స్క్రూడ్రైవర్‌తో చేయించాను. మిషన్ ఒక్క చుట్టు ఎక్కువ తిప్పినా మెత్తని గోడలో మర అరిగిపోతుంది, ఆ అరగడం చేతికి తెలుస్తుంది, మిషన్‌కు తెలియదు.

పరీక్షకు బకెట్లు వాడాం. ఆరు కొయ్యలకూ తలా 5 లీటర్ల నీళ్లు తగిలించి తెల్లారే వరకు ఉంచాం. 30 కిలోలు. ముందుగా పలక పై అంచు వెంట గోడ మీద పెన్సిల్ గీత గీసి, అంచుకూ గోడకూ మధ్య పోస్టుకార్డు దూరుతుందేమో చూశాం. తెల్లారి కూడా దూరలేదు, గీత దగ్గర కదలిక లేదు.

ఇదంతా మేలో పూర్తి కావాలని నేనే పట్టుబట్టాను. ఎండాకాలంలో హైకోర్టు, సుప్రీంకోర్టు తప్పించి కింది కోర్టుల్లో నల్ల కోటు తప్పనిసరి కాదని బార్ కౌన్సిల్ నియమం. పైగా ఆ నెలలో సివిల్ కోర్టులకు సెలవులు. జూన్‌లో కోర్టులు తెరిచి కోటు బయటికి వచ్చే రోజులూ, మృగశిర కార్తెతో రెయిన్‌కోటు బయటికి వచ్చే రోజులూ ఒక్కటే. పలక మీద బరువంతా ఆ వారంలోనే ఒక్కసారిగా పడుతుంది. పైగా వానలు మొదలైతే నూనె పూత ఆరదు.

సెప్టెంబరు చివర్లో వెళ్లి చూశాను. పై స్క్రూలు ఎక్కడివక్కడే. కింది స్క్రూల దగ్గర పలక కొంచెం జరిగిన జాడ, సాగదీసిన రంధ్రంలో కనిపించింది. అదే కావాల్సింది. కొయ్యల కూసాలు కదల్లేదు. రెయిన్‌కోటు కొయ్య కింద నేల మీద నీళ్లు మడుగు కడుతున్నాయని అత్తగారు ఒక ప్లాస్టిక్ ట్రే పెట్టారు, దాన్ని నేను మొదటి రోజే అడిగి ఉండాల్సిన సామానుగా ఇప్పుడు నా జాబితాలో రాసుకుంటున్నాను. రెయిన్‌కోటు కొయ్య చుట్టూ పూత కాస్త వెలిసింది, అక్కడ మాత్రం ఏటా ఒక పూత నూనె వేయమన్నాను.

మీ గోడ వేరేదైతే పలక ఇదే, గోడపని మారుతుంది. ఎర్ర ఇటుకైతే 8 మిల్లీమీటర్ల మామూలు నైలాన్ ప్లగ్, 75 మిల్లీమీటర్ల స్క్రూ చాలు. కానీ ప్లగ్ మూతి ప్లాస్టర్‌ను దాటి ఇటుకలోకి వెళ్లేదాకా కొట్టాలి, దర్జు, అంటే ఇటుకల మధ్య సందు పడితే పక్కకు జరగాలి. కొత్త టవర్లలో గోడలన్నీ కాంక్రీటుతో పోసినవి ఉంటాయి. అక్కడ హ్యామర్ డ్రిల్ లేకుండా పని కాదు, చువ్వ తగిలితే బలవంతం చేయకుండా రెండు అంగుళాలు జరగడమే. పాతబస్తీ, సుల్తాన్‌బజార్ వైపు డంగు సున్నంతో కట్టిన పాత గోడలైతే హ్యామర్ అస్సలు పెట్టొద్దు, సున్నం పెళ్లలుగా రాలుతుంది. తిప్పుడుతో నెమ్మదిగా, పొడుగాటి ప్లగ్‌తో వెళ్లాలి. ఆ గోడలు రెండడుగుల మందం ఉంటాయి కాబట్టి ఎంత లోతు కావాలన్నా దొరుకుతుంది.